దినచర్యలో చరిత్ర

సికిందరాబాదు నుండి కాజీపేట వైపు పోయే రైలులో భువనగిరి దాటిన తరువాత, జనగామ చేరకముందే ఆలేరు స్టేషను వస్తుంది. చరిత్ర మీద అభిరుచి గలవారు అక్కడ దిగితే సాధారణంగా కొలనుపాకకే పోతారు. దూరం ఆరేడు కిలోమీటర్లకు మించదు. కల్యాణి చాళుక్యుల కాలంలో అది కొల్లిపాక అనే పేరుతో ప్రసిద్ధమైన నగరం. తంజావూరి రాజేంద్రచోళుడు తన విజయాలను ఏకరువు పెట్టిన శాసనాలలో ఈ నగరం పేరు కూడ చెక్కించుకొన్నాడు. జైనులకు అది నేటికిని పుణ్యక్షేత్రం. వీరశైవులు తమ ఆచార్యుడైన రేణుకుడు ఆవిర్భవించిన చోటుగా అక్కడి సోమేశ్వరాలయాన్ని సేవిస్తారు.

ఇటువంటి చోట్ల శిలాశాసనాలను చదివినప్పుడు మనకు తెలిసేదేమి? రాజుగారి వంశం, ఆయన బిరుదులు, దేవునికి దానమిచ్చిన భూమి, దాని నాలుగు సరిహద్దులు, ఆ భూమిని అపహరించిన వానికి కలిగే పాపం. ఇవన్నియు చరిత్రకు అవసరమే. కాని ఆ భూమిని దున్నినవాడు తెల్లవారి ఏమి తిని పొలానికి పోయినాడు? అతని ఇల్లాలు బిడ్డకు ఎట్లా నీళ్లు పోసింది? బిడ్డకు జబ్బు చేస్తే ఎవరిని అడిగింది? వీటిని చెప్పే శాసనం దొరకడం అరుదు. మనిషి ఆయుర్దాయంలో యుద్ధాలకు, పట్టాభిషేకాలకు పోయే దినాలు ఎన్ని? మిగిలినదంతయు ఈ చిన్న పనులలోనే గడచిపోతుంది కదా!

ఈ లోటును కొంతవరకు తీర్చిన మహానుభావుడు ఈ ప్రాంతంవాడే. ఆలేరు నుండి జనగామ మీదుగా పోతే పాలకుర్తి అనే గ్రామం ఉన్నది. బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుని జన్మస్థలం అదేనని పండితులు పలువురు అంగీకరించినారు. ఆయన కన్నడ దేశపు బసవేశ్వరుని చరిత్రను, శివభక్తుల కథలను తెలుగు ద్విపదలో, పదిమందికి తెలిసే పలుకుబడిలో వ్రాసినాడు. ఆ భక్తులలో రాజులు తక్కువ. బట్టలుతికే మడివాలు మాచయ్య ఉన్నాడు. తాను చేసిన కుండనే వాద్యంగా మ్రోగిస్తూ ఆడి, శివునిచేత కూడ ఆడించిన కుమ్మరి గుండయ్య ఉన్నాడు. తండ్రి ఊరికి పోతూ అప్పగించిన పాలగిన్నెను గుడికి తీసుకొనిపోయి, దేవుడు త్రాగకపోతే నాన్న కోపపడతాడని ఏడ్చిన గొడగూచి అనే చిన్నపిల్ల ఉన్నది.

వీరందరిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది బెజ్జమహాదేవి. అందరికీ తల్లులున్నారు, శివునికి మాత్రం తల్లి లేదే అని ఆమెకు దిగులు పట్టుకొన్నది. తల్లియే ఉంటే విషం త్రాగనిచ్చేదా, ఒంటికి బూడిద పూసుకొని తిరుగనిచ్చేదా అని తలపోసి, తానే తల్లియైనది. శివలింగాన్ని ఒడిలో పెట్టుకొని నూనె అంటి, నలుగు పెట్టి, లాల పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి నిద్రపుచ్చేది. ఒకనాడు శివుడు ఆమెను పరీక్షింపదలచి, పసిపిల్లలకు వచ్చే అంగిటిముల్లు తనకు వచ్చినట్లు నటించి పాలు ముట్టలేదు. ఆ తల్లి పడిన ఆరాటం అంతా ఇంతా కాదు. ప్రాణం తీసుకోబోయేసరికి ఆయన ప్రత్యక్షమైనాడు. లోకం ఆమెను అమ్మవ్వ అని పిలిచింది.

దీనిని భక్తి కథగా చదివి ఆనందించవచ్చును. మరొక విధంగా కూడ చదువవచ్చును. నాడు తెలుగింట తల్లి బిడ్డను పెంచిన తీరు ఇందులో మన కన్నుల ఎదుట నిలుస్తుంది. ఏ శాసనమూ చెప్పని సంగతిని, ఎవరూ లెక్కచేయని లాలపోతను, ఒక కవి గౌరవంతో చూచి వ్రాసిపెట్టినాడు.

ఆ చూపు విలువను గుర్తించినవాడు పాలమూరు బిడ్డయైన సురవరం ప్రతాపరెడ్డి. రాజుల చరిత్రలు చాలా వచ్చినవి, మరి జనుల మాట ఏమిటి అన్న ఆలోచనతో ఆయన వ్రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. కాకతీయుల నాటి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాలు తెలిసికొనడానికి ఆయన ఆశ్రయించిన గ్రంథాలలో సోమనాథునివి ముఖ్యమైనవి. ప్రతాపరెడ్డి 1953లో కీర్తిశేషుడైనాడు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారం ఈ గ్రంథానికే లభించింది.

అయితే చిన్న పనులన్నియు మధురమైనవని చెప్పి ఊరుకొంటే సత్యంలో సగమే చెప్పినట్లు అవుతుంది. లాలపోతలో ముద్దు ఉన్నది. అలసట మాత్రమే మిగిల్చే పనులు కూడ ఉన్నవి. వాటిని చూడడానికి మళ్లీ ఆలేరుకే రావలె.

ఈ భువనగిరి, ఆలేరు, పోచంపల్లి ప్రాంతపు చేనేత లోకప్రసిద్ధం. నూలును ముందుగా కట్లు కట్టి రంగులద్ది, పిదప మగ్గానికి ఎక్కించే పద్ధతి ఇది. కట్లు కట్టడానికి ముందు దారాన్ని ఆసు పోయవలె. ఒక వైపు ఒక మేకు, ఎదుట విల్లువలె వంగిన వరుసలో మరికొన్ని మేకులు. ఆ మేకు నుండి ఈ మేకుకు, ఈ మేకు నుండి ఆ మేకుకు చేయి చాచి దారం త్రిప్పుతూనే ఉండవలె. ఒక చీరకు నాలుగైదు గంటలు. చేయి ఇటునుండి అటు ఇంచుమించు తొమ్మిదివేల సార్లు తిరుగుతుంది. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవారిదే. చీర కట్టుకొన్నవారికి రంగులు కనబడతవి గాని ఆ భుజం నొప్పి కనబడదు.

ఆలేరు మండలంలోని శారాజీపేట గ్రామంలో చింతకింది మల్లేశం అనే నేతపనివారు ఉన్నారు. చదువు ఆరవ తరగతితో ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి, భుజాలు మోచేతులు నొప్పులతో బాధపడడం ఆయన చిన్ననాటి నుండి చూచినారు. ప్రతి నేతగాని ఇంటిలోను ప్రతిదినమూ జరిగేదే అది. అందరూ చూచినదే. ఆయన మాత్రం దానిని తప్పించదలచినారు. 1992లో యంత్రం చేయడానికి పూనుకొన్నారు. డబ్బు చాలలేదు, నలుగురూ ఎగతాళి చేసినారు. హైదరాబాదులో కూలిపని చేసుకొంటూ ప్రయత్నం సాగించి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేసినారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగిసింది. దానికి తల్లి పేరే పెట్టినారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

బెజ్జమహాదేవి కథను, శారాజీపేట కథను నేను ఒకచోట చేర్చడానికి కారణం ఉన్నది. మొదటిదానిలో ఒక తల్లి, లోకమంతా మ్రొక్కే దేవునిలో ఆలన లేని బిడ్డను చూచింది. రెండవదానిలో ఒక బిడ్డ, దినమూ కనబడే తల్లి చేతిలో ఎవరికీ పట్టని బాధను చూచినాడు. ఇద్దరూ చేసినది, అలవాటైపోయిన దానిని మరల ఒకసారి శ్రద్ధతో చూడడమే. మన దినచర్యకు అర్థం ఎక్కడ ఉన్నదని అడిగితే ఈ శ్రద్ధలో ఉన్నదని చెప్పవలసి ఉంటుంది. అది ఒకప్పుడు మురిపెమవుతుంది, ఒకప్పుడు సిగ్గుపడేటట్లు చేస్తుంది, ఒకప్పుడు ఏడు సంవత్సరాల శ్రమకు పురికొల్పుతుంది.

రేపు తెల్లవారి మీ ఇంటిలో ఒక చేయి వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, పాలు కాచి, పిల్లలకు తల దువ్వుతుంది. ఆ చేయి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతున్నదో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. తొమ్మిదివేలు కాకపోవచ్చును. కాని ఆ లెక్క మొదలుపెట్టిన తరువాత, ఆ చేతిలోని పనిని కొంత మీరు అందుకొనకుండా ఉండలేరు.