ఇల్లు ఎవరిది, సంతకం ఎవరిది?

ఇల్లు అమ్మకానికి పెట్టిన పద్నాలుగు నెలల్లో నన్ను అందరూ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరాండీ?" అని. పెళ్ళి చేసుకోలేదని చెప్తే రెండో ప్రశ్న: "పోనీ, అన్నదమ్ములు?"

రాజమండ్రి ఇన్నీస్‌పేటలో మాది మండువా పెంకుటిల్లు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో పదకొండు లక్షలు పెట్టి దాన్ని బాగు చేయించుకున్నాను. పుచ్చిన దూలాలు మార్పించాను. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి వాననీళ్ళు గడప దాటి వస్తుంటే నేల ఎత్తు చేయించాను. వంటింట్లో నిలబడి వండుకునే గట్టు, లోపలే స్నానాల గది, కొత్త వైరింగు. చివరిదాకా అందులోనే ఉందామనుకున్నాను. మోకాళ్ళు అరిగాయి. నలభై ఏళ్ళ స్నేహితురాలు విశాఖలో తన పక్క ఫ్లాట్ ఖాళీ అయిందనీ, లిఫ్ట్ ఉందనీ, వచ్చెయ్యమనీ అంది. లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. ఇల్లు అమ్ముడుపోవడం ఒక్కటే మిగిలింది.

బ్రోకరు ఇల్లంతా తిరిగి చూసి, "బాగా చేయించారండీ. కానీ ఇల్లెవరిక్కావాలండీ? అందరూ స్థలం చూస్తారు. దీన్ని పడగొట్టడానికయ్యే ఖర్చు కూడా ధరలో తగ్గించమంటారు" అన్నాడు. నేను బాగు చేసినదానికి విలువ లేకపోగా అది కొనేవాడికి ఖర్చట! ఇంటిని నిలబెట్టే పని లెక్కలోకి రాకపోవడం ఆడవాళ్ళకు కొత్త కాదు కాబట్టి ఆ మాటకి నవ్వుకున్నాను. మూడో నెలలో వచ్చినతను మంచి ధరకే సిద్ధపడ్డాడు. కాగితాలు వాళ్ళ లాయరుకిచ్చాం. వారం తర్వాత కబురొచ్చింది: "ఆస్తి మూలం తాతగారిది. మగవారసుడు అంగీకార సంతకం పెట్టాలి."

ఆ రాత్రి అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. ఊళ్ళ చరిత్రలు చెప్పినదాన్ని, మా ఇంటి చరిత్ర ఎప్పుడూ వరసగా చదవలేదు.

తాతయ్య 1934లో పోయారు. అప్పటికే అన్నదమ్ములు భాగాలు పంచుకుని వేరుపడ్డారు. కొడుకులు లేరు. అమ్మ ఒక్కతే కూతురు. ఆనాటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం వేరుపడ్డ భర్త ఆస్తి అలాంటి వితంతువుకి వస్తుంది, కానీ పరిమితమైన హక్కుతోనే. బతికినన్నాళ్ళు అనుభవించవచ్చు, ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి వీల్లేదు. భర్త అప్పులు, కర్మకాండలు, కూతురి పెళ్ళి వంటి శాస్త్రం ఒప్పుకున్న అవసరం ఉంటేనే అమ్మకం చెల్లుతుంది. ఆమె తర్వాత ఆస్తి భర్త వారసులకి వెనక్కి వెళ్తుంది. మద్రాసు రాష్ట్రంలో కూతురికి వచ్చేది కూడా అదే పరిమిత హక్కు. ఆ లెక్కన ఈ ఇల్లు అమ్మమ్మ చేతిలోనుంచి అమ్మ చేతిలోకి వెళ్ళి, ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా కాకుండా, చివరికి కూతురి కొడుకు అనే హోదాలో మా తమ్ముడి దగ్గర స్థిరపడాలి. లాయరుగారు తనకు తెలియకుండానే ఆ పాత దారిలో నడుస్తున్నాడు.

అమ్మమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటే? మా ఊరు వీరేశలింగంగారి ఊరు. 1881 డిసెంబరు 11న ఇక్కడే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి వీలు కల్పించిన 1856 చట్టం రెండో సెక్షనే, మళ్ళీ పెళ్ళాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తిలో హక్కు కోల్పోతుందని చెప్పింది. సంస్కరణ ఒక చేత్తో పసుపుకుంకుమలిచ్చి రెండో చేత్తో ఇంటి తాళాలు తీసుకుంది. సంస్కరణోద్యమాన్ని క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను గానీ ఆ రెండో సెక్షన్ దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

పెట్టెలో 1941 నాటి తనఖా దస్తావేజు దొరికింది. పదిహేనేళ్ళ అమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఈ ఇంటిమీద ఎనిమిది వందలు అప్పు తెచ్చింది. కూతురి వివాహ నిమిత్తం తప్పనిసరై అని అందులో రెండుచోట్ల ఉంది. కింద అమ్మమ్మ వేలిముద్ర. దాని పక్కన తాతయ్య తమ్ముడి అంగీకార సంతకం. రేపు తగాదా వస్తే అవసరం నిజమేనని చూపడానికి అప్పిచ్చేవాళ్ళు అలాంటి సంతకాలు అడిగేవారు. చేసిన అప్పు ఆమెది, తీర్చింది ఆమె. మాటకి విలువ మరిదిది.

1937లో వచ్చిన చట్టం వితంతువుకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిందిగానీ అదీ పరిమిత హక్కే. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందుకు 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత ఆ బిల్లు ముక్కలై వచ్చింది. అందులో ఒకటి 1956 జూన్ 17న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం. దాని పద్నాలుగో సెక్షన్ చెప్పింది ఒక్క మాట: హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, ఆ చట్టానికి ముందు వచ్చినదైనా తర్వాత వచ్చినదైనా, ఆమె పూర్తి సొంతం. ఆ రోజు అమ్మమ్మ పెరట్లో పిడకలు కొడుతూనే ఉండి ఉంటుంది. ఆమెకు తెలియకుండానే ఇల్లు ఆమెదైంది. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. 1961లో అమ్మ పేర దానసెటిల్మెంటు రిజిస్టరు చేయించింది. ఈసారి కాగితంమీద అవసరం ఏమిటో చెప్పుకోలేదు. మరిది సంతకమూ లేదు. 1994లో అమ్మ అలాగే నా పేర రాసింది.

కాగితంమీద ఉన్న చట్టం మనుషుల దాకా రావడానికి ఎంతకాలం పడుతుందో తులశమ్మ కేసు చెప్తుంది. ఆమె భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే పోయాడు. మనోవర్తి కోసం కోర్టుకెక్కితే 1949లో రాజీ కుదిరి, బతికినన్నాళ్ళు అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. 1961లో అందులో కొంత అమ్మింది. అమ్మే హక్కు నీకెక్కడిదని మరిది దావా వేశాడు. 1977లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి ఆమె పూర్తి సొంతమని తేల్చింది. మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, అంతకుముందే ఉన్న హక్కనీ చెప్పింది. ఒక తెలుగు వితంతువు తన ఆస్తి తాను అమ్ముకోగలనని రుజువు చేసుకోవడానికి పదహారేళ్ళు పట్టింది.

ఆ 1956 చట్టంలోనే ఇరవైమూడో సెక్షన్ కూడా ఉండేది. ఆస్తిలో వాటా ఉన్నా, కుటుంబం నివసించే ఇంటిని పంచమని కూతురు అడగకూడదు, మగవారసులు పంచుకోవాలనుకున్నప్పుడే. పెళ్ళికానిదో, భర్త వదిలేసినదో, భర్తనుంచి విడిపోయినదో, వితంతువో అయితే తలదాచుకోవచ్చు. మన రాష్ట్రం 1986లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయినవాళ్ళని మినహాయించి. 2005 కేంద్ర సవరణ దేశమంతటా ఆ హక్కునిచ్చి ఇరవైమూడో సెక్షన్ని తొలగించింది. ఆ సవరణనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. పొలంలో హక్కు, నగలో హక్కు ఒప్పుకున్నవాళ్ళు కూడా ఇంటి దగ్గరికొచ్చేసరికి తటపటాయించారని ఈ వరస చూస్తే తెలుస్తుంది. కూతురు ఇంట్లో ఉండవచ్చు, ఇల్లు ఆమెది కాకూడదు.

ఇదంతా రాసి, తీర్పు ప్రతి జతచేసి లాయరుకి పంపాను. "చట్టం మీరన్నదే మేడమ్. కానీ సేఫ్టీ కోసం" అన్నాడు.

తమ్ముడు హైదరాబాదునుంచి ఫోన్ చేశాడు. మా మధ్య ఏ గొడవా లేదు. "ఒక్క సంతకమేగా అక్కా, వచ్చి పెట్టేస్తాను." ఒక్క సంతకమే. కానీ దాని కింద వాడికి హక్కుందని, వదులుకుంటున్నాడని ఉంటుంది. లేని హక్కు వదులుకోవడానికి ముందు అది ఉందని నేను ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే అమ్మమ్మ 1961లో చేసింది తుడిచేసినట్టే. వద్దన్నాను. కొనేవాడు వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు ఇదే మాటమీద వెళ్ళారు. విశాఖ ఫ్లాట్ గడువు దాటి అడ్వాన్సు పోయింది.

"ఏడాదైంది. నువ్వు ఇల్లమ్ముతున్నావా, అమ్మమ్మ కేసు వాదిస్తున్నావా?" అని స్నేహితురాలు అడిగింది. జవాబు దొరకలేదు. మోకాళ్ళకి సిద్ధాంతాలు తెలియవు. నా పట్టుదల ఖరీదు నేను భరించగలిగాను, పెన్షన్ వస్తోంది గనక. కూతురి ఫీజుకో, ఆపరేషనుకో అమ్ముకునే ఆమె ఆ సంతకం తెచ్చుకుంటుంది. ఆమెని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

చివరికి ఒక నర్సు, ఆమె తల్లి వచ్చారు. మండువాలో కూర్చుని, వానొస్తే నీళ్ళెటు పోతాయని అడిగారు. ఇల్లు చూసింది వాళ్ళిద్దరే. ధర నాలుగు లక్షలు తగ్గించాను. వాళ్ళ బ్యాంకు లాయరూ తమ్ముణ్ణి అడిగాడు. ఈసారి నేనే దారి చెప్పాను. తమ్ముడు వస్తాడు, అంగీకరించేవాడిగా కాదు, సాక్షిగా. దస్తావేజులో హక్కు సంక్రమించిన వైనం నేనే రాసిచ్చాను: 1934, 1956, 1961, 1994. అమ్మమ్మ పేరు ముందు ఫలానావారి భార్య అని కాక యజమానురాలు అని రాశాను. రైటరు ఆ మాట ఒకసారి చూసి టైపు చేశాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో తమ్ముడు నవ్వుతూ, "సాక్షి సంతకానికి అర్థమేమిటక్కా?" అన్నాడు.

"అమ్మింది నేనేనని నువ్వు చూశావని" అన్నాను.