పెరుగన్నం మీద ఒక అభియోగం

కాన్సరు సోకిన కుక్కకు అన్నం పెట్టరాదన్న మాట ఈ మధ్య చాలా ఇళ్లలో వినబడుతున్నది. బియ్యంలో ఉన్నది పిండిపదార్థం. పిండిపదార్థం ఒంట్లోకి వెళ్లి చక్కెర అవుతుంది. చక్కెర కణితికి మేత. కనుక కుక్కకు అన్నం పెట్టడమంటే దాని కణితిని పోషించడమే. ఇదీ వాదం. వినడానికి ఎంతో పొందికగా ఉంటుంది. తరతరాలుగా కుక్కకు పెరుగన్నం ముద్ద పెట్టడం తప్ప మరొక పద్ధతి ఎరగని మన ఇళ్లలో ఇది చిన్న మాట కాదు.

నాకిది పుస్తకాల చర్చ మాత్రమే కాదు. మా ఇంట్లో పదమూడేళ్ల కుక్క ఉన్నది. నల్లగా ఉంటుంది గనుక కాటుక అని పేరు పెట్టుకున్నాం. మెడ కిందా, వెనుక కాళ్ల మడతల్లోనూ గడ్డలు కట్టగా, పరీక్షలో లింఫోమా అని తేలింది. నాటి నుంచి బంధువులూ, ఇరుగుపొరుగువారూ ముక్తకంఠంతో చెప్పే సలహా ఒక్కటే: అన్నం మాన్పించండి. కాటుక కోడిమాంసం వాసన చూసి ముఖం తిప్పుకునే రోజుల్లో కూడా పెరుగన్నానికి తల ఎత్తుతుంది. అది ఇష్టంగా తినే ఒక్క ముద్దనూ తీసివేసే ముందు, ఆ ముద్ద మీద నేరం మోపినది ఎవరో, ఏ సాక్ష్యంతో మోపారో తెలుసుకోవాలనిపించింది. వైద్యం చెప్పడం నా అర్హతకు మించిన పని. ఒక ఊహ ఎక్కడ పుట్టి, ఏ దారుల వెంట మన వాకిట్లోకి వచ్చిందో చెప్పడం వరకే ఈ వ్యాసం.

ముందుగా ముద్దాయి వంశచరిత్ర. కుక్క మాంసాహారి, ధాన్యం దానికి మనుషులు ఈ మధ్య అంటగట్టిన తిండి అన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉన్నది. ప్రాచీన గ్రంథాలు ఇందుకు సాక్ష్యం చెప్పవు. క్రీస్తు శకం ఒకటవ శతాబ్దంలో రోమను రచయిత కొలుమెల్లా వ్యవసాయం మీద రాసిన గ్రంథంలో కాపలా కుక్కలకూ, మందకుక్కలకూ ఏం పెట్టాలో చెప్పాడు. పశువుల మందలున్న చోట బార్లీ పిండిని పాలవిరుగుడు తేటతో కలిపి పెట్టాలి. పచ్చిక లేని తోటల ప్రాంతమైతే గోధుమ రొట్టెను ఉడికిన చిక్కుడు గింజల నీటితో కలిపి పెట్టాలి, అదీ గోరువెచ్చగానే. వేడివేడిగా పెడితే కుక్కకు పిచ్చి లేస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి చూస్తే, బార్లీ పిండీ విరుగుడు తేటా కలిసిన ఆ తిండి మన పెరుగన్నానికి దూరపు చుట్టమే.

రెండవ శతాబ్దంలో గ్రీకు రచయిత ఆరియన్ వేటకుక్కల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అలెగ్జాండరు దండయాత్రలను వర్ణించిన ఆరియనే ఈయన. హోర్మే అనే తన కుక్కను గురించి ఆయన రాసిన తీరు చదివితే, పద్ధెనిమిది వందల ఏళ్ల దూరం చెరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రొట్టె సరిపోతుందంటాడు. జబ్బుపడితే కొవ్వు గల మాంసం ఉడికించిన రసం పట్టమంటాడు. ఎద్దు కాలేయాన్ని నిప్పుల మీద కాల్చి, పిండిలా చేసి పెట్టమంటాడు. పద్నాలుగవ శతాబ్దపు ఫ్రెంచి ప్రభువు గాస్తోన్ ఫెబ్యూస్ 1387లో మొదలుపెట్టిన వేటగ్రంథంలోనూ దాదాపు ఇదే ధోరణి. జబ్బు కుక్కకు మేకపాలు, చిక్కుళ్ల జావ, సన్నగా తరిగిన మాంసం, వెన్నతో వండిన గుడ్లు. రోజూ పెట్టే తిండికి ధాన్యం, జబ్బు చేసినప్పుడు రుచికీ బలానికీ మరొకటి: ఈ పద్ధతి దేశాలు మారినా పెద్దగా మారలేదు.

మన వైపు చూద్దాం. వైశ్వదేవం అయ్యాక కొంత అన్నం తీసి బయట పెట్టే ఆచారం మనకు తెలిసినదే. మనుస్మృతి మూడవ అధ్యాయం ఆ అన్నాన్ని కుక్కలకు మెల్లగా నేల మీద ఉంచమంటుంది. అదే వాక్యంలో పతితులనూ, చండాలురనూ, పాపరోగులనూ కుక్కల సరసన చేర్చింది. ఇంటి బయట నిలబడవలసిన వారి జాబితా అది. ఆ జాబితా తయారు చేసినవారి కాఠిన్యాన్ని దాచనక్కరలేదు; కాని ముద్దను విసరవద్దు, మెల్లగా పెట్టు అన్న ఆ ఒక్క సూచన మాత్రం నా మనసులో నిలిచిపోయింది.

దానికంటె ఉదారమైన మాట మన నేల మీదే రాతి మీద చెక్కి ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గరి బండల మీద క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. ప్రధాన శిలాశాసనాలలో రెండవదానిలో ఆయన మనుషుల చికిత్సనూ, పశువుల చికిత్సనూ ఒకే ఊపిరిలో చెప్పాడు. మందుమొక్కలు లేని చోటికి తెప్పించి నాటించానన్నాడు. వేళ్లూ పండ్లూ కూడా. మందునూ తిండినీ పక్కపక్కనే ఉంచిన శాసనం అది.

ఈ పాత ఆచారాలన్నీ కుక్క స్వభావానికి విరుద్ధమైనవేనా? దీనికి జవాబు 2013లో దొరికింది. స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు తోడేళ్ల జన్యువులనూ కుక్కల జన్యువులనూ పోల్చి చూసి, ఆ ఫలితాలను నేచర్ పత్రికలో ప్రకటించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు మొదలు ముప్ఫై దాకా ఉన్నాయట. మనిషి గాదె పక్కన వేల ఏళ్లు బతికిన జంతువు తన కడుపును ఆ గాదెకు తగినట్టు మార్చుకున్నది. కుక్కకు ధాన్యం కొత్త కాదు.

ఇక అభియోగం సంగతి. దీనికి మూలపురుషుడు జర్మను జీవరసాయన శాస్త్రవేత్త ఓటో వార్‌బుర్గ్. 1920లలో బెర్లిను శివారు డాలెంలోని ప్రయోగశాలలో ఆయన ఎలుకల కణితుల నుంచి పలుచని పొరలు కోసి, అవి ఎంత చక్కెర వాడుకుంటాయో కొలిచాడు. మామూలు కణజాలం ప్రాణవాయువు అందుబాటులో ఉన్నప్పుడు చక్కెరను పూర్తిగా దహించి శక్తి తీసుకుంటుంది. కణితి మాత్రం ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నా చక్కెరను విపరీతంగా లాక్కొని, సగంలో వదిలి, లాక్టిక్ ఆమ్లంగా మారుస్తున్నది. ఇది గొప్ప పరిశీలన. నేటికీ నిలిచి ఉన్నది. ఆసుపత్రుల్లో కాన్సరు జాడ పట్టే పెట్ స్కాను పనిచేసేది కణితులకున్న ఈ చక్కెర ఆకలిని ఆధారం చేసుకునే. వార్‌బుర్గ్‌కు ఈ పనికే నోబెలు వచ్చిందని చాలా చోట్ల రాస్తుంటారు. 1931లో ఆయనకు ఆ బహుమతి వచ్చింది శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైము స్వభావాన్ని కనుగొన్నందుకు.

పరిశీలన నిజమే. దాని మీద కట్టిన మేడ సంగతి వేరు. కణాల శ్వాస చెడిపోవడమే కాన్సరుకు మూలకారణమని వార్‌బుర్గ్ చివరిదాకా నమ్మాడు. ఎన్నో కణితుల్లో ఆ శ్వాసయంత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుందని తరువాతివారు చూపారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి: కణితి చక్కెరను కోరుకుంటుందన్న మాటకూ, కంచంలో అన్నం తీసేస్తే కణితి పస్తుంటుందన్న మాటకూ మధ్య చాలా దూరం ఉన్నది. నోట్లోకి పిండిపదార్థం రాకపోయినా కాలేయం మాంసకృత్తులను విరిచి చక్కెర తయారు చేసి రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. తిండి చాలని జంతువులో ఆ మాంసకృత్తులు వచ్చేది దాని సొంత కండల నుంచి. మెతుకు ఆపితే ముందుగా కరిగేది కుక్క.

ప్రయోగశాల నుంచి ఈ ఊహ కుక్కల కంచం దాకా వచ్చిన దారి కూడా తెలుసుకోదగినదే. జబ్బుకు తగిన తిండిని డబ్బాలో పెట్టి ఇచ్చే పద్ధతికి ఆద్యుడు అమెరికాలోని న్యూజెర్సీ పశువైద్యుడు మార్క్ మోరిస్. అంధుడైన మోరిస్ ఫ్రాంక్ అనే ఆయనకు దారి చూపే కుక్కకు మూత్రపిండాల జబ్బు వస్తే, 1930ల చివర ఆయన దానికోసం ప్రత్యేకంగా వండించాడు. మొదట గాజు సీసాల్లో పంపితే దారిలో పగిలిపోయేవట. అలా డబ్బాలు వచ్చాయి. 1948లో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక కంపెనీ ఆ తయారీని చేపట్టింది. తిండి కూడా మందేనన్న పాత నమ్మకం అక్కడ పరిశ్రమగా మారింది.

తరువాత కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో గ్రెగరీ ఓగిల్వీ, ఆయన సహచరులు లింఫోమా ఉన్న కుక్కల రక్తాన్ని పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో కంటె లాక్టిక్ ఆమ్లమూ, ఇన్సులినూ ఎక్కువగా కనిపించాయి. వార్‌బుర్గ్ ఎలుకల్లో చూసినదాని నీడ కుక్కల్లోనూ కనిపించిందన్నమాట. దాంతో పిండిపదార్థం తగ్గించి, కొవ్వూ మాంసకృత్తులూ పెంచిన ఆహారం మేలన్న ప్రతిపాదన బయలుదేరింది. 2000లో వారి ప్రసిద్ధ పరీక్ష కాన్సర్ అనే పత్రికలో వెలువడింది. లింఫోమా ఉన్న 32 కుక్కలు. అన్నిటికీ డాక్సోరూబిసిన్ మందు ఇచ్చారు. కొన్నిటికి చేపనూనె, ఆర్జినిన్ కలిపిన తిండి. మిగతావాటికి సోయానూనె కలిపిన తిండి. రక్తంలో చేపనూనె తాలూకు కొవ్వు ఆమ్లం పెరిగినకొద్దీ, మూడవ దశ జబ్బున్న కుక్కలు ఎక్కువ కాలం బతికాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆ రెండు రకాల తిండీ మిగతా అన్ని విషయాల్లో ఒకటే. తేడా నూనెలోనూ, ఆర్జినిన్‌లోనూ మాత్రమే. అంటే ఆ పరీక్షలో పిండిపదార్థం బోను ఎక్కనే లేదు. చేపనూనెకు అనుకూలంగా వచ్చిన సాక్ష్యాన్ని అన్నానికి వ్యతిరేకంగా వచ్చిన తీర్పుగా జనం చెప్పుకుంటున్నారు. ఒక ఊహ శాస్త్రవేత్త నోటి నుంచి పక్కింటి నోటికి వచ్చేసరికి "కావచ్చు" అన్నది రాలిపోయి "అంతే" అన్నది మిగలడం చరిత్రలో తరచు జరిగేదే.

నిజానికి ముసలి కుక్క, అందులోనూ కాన్సరు కుక్క విషయంలో అసలు శత్రువు మరొకటి ఉన్నది. కణితి వల్ల పుట్టే పదార్థాలు ఆకలిని చంపుతాయి, కండను కరిగిస్తాయి. మందులు వికారం తెస్తాయి. ఆకలికి ఎంత బలముందో మనకు చూపినవాడు పావ్‌లోవ్. 1904లో ఆయనకు నోబెలు వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్క నమిలి మింగిన తిండి కడుపులోకి చేరకుండా మధ్యలోనే బయటికి పడిపోయే ఏర్పాటు చేసి చూసినా, దాని కడుపులో రసం ఊరిందని ఆయన చూపాడు. తిండి చేరకముందే ఇష్టం పనిచేస్తుంది. ఆ కుక్కల జఠరరసాన్ని అజీర్ణరోగులకు మందుగా అమ్మి ప్రయోగశాల ఖర్చులు కొంత రాబట్టుకున్నారు కూడా. మనుషుల అరుగుదల కోసం తమ ఆకలిని అప్పిచ్చిన జాతి అది. ఆకలి పోయిన కుక్కకు ఆకలి తెప్పించేందుకే తయారైన కాప్రొమొరెలిన్ మందుకు అమెరికాలో అనుమతి లభించింది 2016లో.

ఇంతా చదివాక నాకు తోచింది ఇది: పెరుగన్నం మీద నేరం రుజువు కాలేదు. ఉత్త పెరుగన్నమే చాలునని కూడా చరిత్ర చెప్పదు. ఆరియన్ కాలేయమూ, గాస్తోన్ గుడ్డూ కండను కాపాడే తిండే. అందుకే కాటుక ముద్దలో ఇప్పుడు ఉడికిన గుడ్డో, ముల్లు తీసిన చేపో మెదిపి కలుపుతున్నాం, వైద్యుణ్ణి అడిగి. గోరువెచ్చగా ఉంటే వాసన తేలుతుంది గనుక కొలుమెల్లా మాటే పాటిస్తున్నాం, ఆయన చెప్పిన కారణానికి కాకపోయినా. మన వంటింట్లో కుక్కకు నిజంగా కీడు చేసేవి వేరే ఉన్నాయి. ఉల్లీ వెల్లుల్లీ దాని నెత్తురును పాడుచేస్తాయి. ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీయడానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో విషవైద్యులు సూచించారు. ఆ ఆమ్లం చింతపండులోనూ పుష్కలం. అన్నాన్ని అనుమానించేవాళ్లు పులుసన్నాన్ని అనుమానిస్తే న్యాయంగా ఉంటుంది.

ఒకనాటికి ఆ ముద్ద కూడా వద్దనే రోజు వస్తుంది. దవడ విప్పి బలవంతాన కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నది; ఉన్న కాస్త ఇష్టమూ అసహ్యంగా మారే ప్రమాదమూ ఉన్నది. పాత గ్రంథంలోని ఆ "మెల్లగా" అన్న మాట నాకు అప్పుడు పనికివస్తుందనుకుంటాను. పెట్టడం వరకే పెట్టేవాడి వంతు. తినడమో మానడమో తినేదాని వంతు. రెండు వేల ఏళ్లుగా మనుషులు కుక్కలకు ఏమేం పెట్టారో చదివిన నాకు, ఏ పుస్తకంలోనూ దీనికి మించిన నియమం కనబడలేదు.

మీ ఇళ్లలో ముసలి కుక్కలు చివరి రోజుల్లో ఏది ఇష్టంగా తిన్నాయో చెబితే వినాలని ఉన్నది.