రోడ్డు ప్రమాదాలు – గాయాల నివారణ: పరిశోధనలు తేల్చిన సత్యాలు

దేశంలో 2022వ సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు నమోదైనవి. వీటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోగా 4,43,366 మంది క్షతగాత్రులైనారు. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ప్రకటించిన ఈ గణాంకాల ప్రకారం సగటున గంటకు 19 మంది రహదారులపై మరణించినారు. 2023లో మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటినది. 2022లో మరణించిన వారిలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపు వారే. ఒక్కొక్క మరణం వెనుక సంపాదించే చేతిని కోల్పోయిన కుటుంబం ఒకటి ఉన్నది.

ఇంతటి నష్టాన్ని విధిరాతగా భావించి ఊరుకొనవలసిన పనిలేదని ఎనభై ఏళ్లకు పైగా సాగిన శాస్త్రీయ పరిశోధన నిరూపించినది. మశూచి, పోలియో వంటి వ్యాధుల వలెనే రోడ్డుపై కలిగే గాయాలకు కూడా కారణాలున్నవి, నివారణ మార్గాలున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినోత్సవాన్ని రహదారి భద్రతకు అంకితం చేసి, ప్రపంచ బ్యాంకుతో కలసి ఈ అంశంపై సమగ్ర నివేదికను వెలువరించినది.

'ప్రమాదం' అనే మాట

సంస్కృతంలో 'ప్రమాదం' అనే పదానికి ఏమరుపాటు అని అర్థం. 'అప్రమత్తత' అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. కనుక రోడ్డుపై దుర్ఘటన జరిగిన ప్రతిసారి ఎవరో ఒకరు ఏమరుపాటుగా ఉన్నారన్న నిర్ణయం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. విచారణ సైతం చాలావరకు డ్రైవరు తప్పిదం వద్దనే ఆగిపోవుచున్నది.

డ్రైవరు బాధ్యతను ఎవరూ కాదనరు. అయితే మానవుడు ఎంత జాగరూకుడైనా ఏదో ఒక క్షణంలో పొరపాటు చేయకమానడు. ఆ పొరపాటుకు మరణమే శిక్ష కాకుండా చూచుట ఎట్లు అన్నదే ఆధునిక పరిశోధన వేసుకొన్న ప్రశ్న. రహదారి భద్రతలో సాధించిన ప్రగతి చాలావరకు ఈ ప్రశ్న నుంచే ఆరంభమైనది.

పరిశోధన సాగిన తీరు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమాన శిక్షణ పొందుతూ ప్రమాదంలో తీవ్రంగా గాయపడి బ్రతికి బయటపడిన హ్యూ డిహావెన్ ఈ రంగానికి ఆద్యుడు. ఎత్తయిన భవనాల పైనుంచి పడి కూడా ప్రాణాలతో మిగిలిన వారి ఉదంతాలను పరిశీలించి ఆయన 1942లో ఒక అధ్యయనం ప్రచురించినారు. దెబ్బ శరీరంలో ఎక్కువ భాగంపై వ్యాపించి, ఆగుటకు కొన్ని అంగుళాల దూరం లభించినచో మానవదేహం ఊహించిన దానికన్న ఎంతో ఎక్కువ తాకిడిని తట్టుకొనగలదని అందులో తేలినది. సీటు బెల్టు, హెల్మెట్, ఎయిర్‌బ్యాగులు పనిచేయుట వెనుకనున్న సూత్రం ఇదే.

1935లో మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడిన టి.ఇ. లారెన్స్‌కు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. లారెన్స్ ప్రాణాలు దక్కలేదు. అనంతరం కెయిర్న్స్ మోటారు సైకిలు చోదకుల తలగాయాలపై అధ్యయనం సాగించి, హెల్మెట్ ఆవశ్యకతను 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించినారు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి అయినది. ఆ దేశంలో సాధారణ పౌరులకు ఈ నిబంధన 1973లో గాని రాలేదు. శాస్త్రం చెప్పిన దానికి, చట్టం చేసిన దానికి నడుమ గడచిన ఆ 32 ఏళ్లలో రోడ్లపై పోయిన ప్రాణాలకు వెల కట్టలేము.

అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్ 1954 డిసెంబరు 10న గంటకు 1,000 కిలోమీటర్లు మించిన వేగంతో రాకెట్ బండిపై స్వయంగా ప్రయాణించి, సెకనున్నర లోపే ఆగిపోయి, గట్టి బెల్టుల సహాయంతో ప్రాణాలతో నిలిచినారు. 1959లో స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ భుజాన్ని, నడుమును కలిపి పట్టి ఉంచే మూడు బిందువుల సీటు బెల్టును రూపొందించినారు. వోల్వో సంస్థ దానిని ఇతర తయారీదారులు కూడ వినియోగించుకొనుటకు అనుమతించినది. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సీటు బెల్టు ధారణను చట్టరీత్యా తప్పనిసరి చేసినది.

హాడన్ పట్టిక

అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా 1966లో బాధ్యతలు చేపట్టిన డాక్టర్ విలియం హాడన్ ఈ పరిశోధనలన్నిటికీ ఒక చట్రం సమకూర్చినారు. ప్రమాదానికి ముందు, ప్రమాద సమయం, ప్రమాదం తరువాత అనేవి మూడు దశలు. మనిషి, వాహనం, రోడ్డు పరిసరాలు అనేవి మూడు అంశాలు. వీటిని అడ్డంగా, నిలువుగా అమర్చగా తొమ్మిది గళ్ల పట్టిక ఏర్పడినది. ఈ తొమ్మిదింటిలో ఏ గడిలోనైనా నివారణకు అవకాశం ఉన్నదని హాడన్ వాదించినారు. ఢిల్లీ ఐఐటీలో రవాణా పరిశోధన, గాయాల నివారణ కార్యక్రమాన్ని తీర్చిదిద్ది, 2021లో దివంగతులైన ప్రొఫెసర్ దినేశ్ మోహన్ ఈ దృక్పథాన్ని భారతీయ పరిస్థితులకు అన్వయించినవారిలో అగ్రగణ్యులు.

ఉదాహరణకు, 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొని దగ్ధమైన ఘటనలో 45 మంది మరణించినారు. డ్రైవరు వేగం మొదటి గడికి చెందిన ప్రశ్న మాత్రమే. రోడ్డు అంచున కల్వర్టు గోడకు రక్షణ ఉన్నదా, ఇంధన ట్యాంకు తాకిడిని తట్టుకొనునా, లోపలి సామగ్రి సులభంగా అంటుకొనునా, నిద్రలోనున్న ప్రయాణికులు బయటపడుటకు అత్యవసర ద్వారం అందుబాటులో ఉన్నదా అనేవి మిగిలిన గళ్లలోని ప్రశ్నలు. మొదటి గడి వద్దనే విచారణ ముగించినచో తరువాతి బస్సులోని ప్రయాణికులకు ఒరిగేదేమీ ఉండదు.

వేగం – గాయం

వాహనం వేగం రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనుట సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అనగా మూడంతస్తుల మేడపై నుంచి పడుటతో సమానం. 80 కిలోమీటర్ల వేగమైనచో ఆ ఎత్తు 25 మీటర్లగును. 60 కిలోమీటర్ల వేగంతో పోవు వాహనం, డ్రైవరు బ్రేకుపై కాలు వేయకమునుపు గడచిన ఒక్క సెకనులోనే 16 మీటర్లు దాటిపోవును.

స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ రూపొందించిన సూత్రం ప్రకారం ఒక రోడ్డుపై సగటు వేగం 1 శాతం పెరిగినచో ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు 4 శాతం పెరుగును. ఇదే సూత్రం తగ్గుదలకూ వర్తిస్తుంది. కనుకనే పాదచారులు, వాహనాలు కలిసి సాగే వీధులలో వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు పరిమితం చేయవలెనని 2020 ఫిబ్రవరి నాటి స్టాక్‌హోం ప్రకటన సూచించినది.

మన దేశంలో 2022లో జరిగిన మరణాలలో 71.2 శాతానికి అతివేగం కారణమని నమోదైనది. ప్రమాదాలలో దాదాపు మూడింట రెండు వంతులు వంకరలేని రోడ్లపైనే జరిగినవి. గతుకుల రోడ్డుకన్న నున్నని తిన్నని రోడ్డే ఎక్కువ జాగ్రత్త కోరుతుందన్నమాట.

హెల్మెట్, సీటు బెల్టు

2022 నాటి మృతులలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు. హెల్మెట్ లేకుండా మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. హెల్మెట్ మరణావకాశాన్ని 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గించునని 2008లో ప్రచురితమైన అంతర్జాతీయ సమీక్ష నిర్ధారించినది. పైనున్న గట్టి చిప్ప దెబ్బను విస్తరింపజేయగా, లోపలి థర్మోకోల్ వంటి పొర నలిగి ఆ శక్తిని హరిస్తుంది. ఒకసారి నలిగిన పొర తిరిగి పూర్వస్థితికి రాదు. కావున ప్రమాదానికి గురైన హెల్మెట్‌ను మార్చవలెను. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ తాకిడికి ముందే ఎగిరిపోవును. 2021 జూన్ 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల తయారీ, విక్రయం నిషిద్ధం.

సీటు బెల్టు ముందు సీటులోని వారి మరణావకాశాన్ని దాదాపు సగానికి తగ్గించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలియజేసినది. 2022లో బెల్టు ధరించక మరణించిన 16,715 మందిలో సగం మంది డ్రైవర్లు కాగా తక్కినవారు ప్రయాణికులు. వెనుక సీటులో బెల్టు అక్కరలేదన్న భావన నిరాధారం. బెల్టు ధరించని వ్యక్తి ముందున్నవారిపై పడి వారి ప్రాణాలకు సైతం ముప్పు తెచ్చును.

పొరపాటును మన్నించే రోడ్డు

1997లో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' విధానాన్ని ఆమోదించినది. రోడ్డుపై మరణాలు, తీవ్ర గాయాలు సున్నాకు చేరవలెననీ, ఆ బాధ్యత రోడ్డు వాడుకొనువారితోపాటు దానిని నిర్మించి నిర్వహించువారిదీ అనీ దీని సారాంశం. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ ద్వారా, నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించని రోడ్డు నిర్మాణ బాధ్యులకు జరిమానా విధించుటకు వీలు కల్పించినది.

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడు సంవత్సరాలలో మరణం లేదా తీవ్ర గాయం కలిగించిన 5 ప్రమాదాలు గాని, 10 మరణాలు గాని సంభవించినచో ఆ స్థలాన్ని 'బ్లాక్ స్పాట్'గా గుర్తిస్తారు. ఇటువంటి చోట్ల కారణం తరచు కంటికెదురుగానే ఉండును. యూ టర్న్ రెండు మూడు కిలోమీటర్ల దూరాన ఉన్నందున గ్రామస్థులు ఎదురు దిశలో వాహనాలు నడుపుట, పొలం దారి నేరుగా హైవేపైకి వచ్చి కలియుట, వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డు వారగా నిలిపిన లారీలు, సగం రోడ్డుపై ఆరబోసిన ధాన్యం, కూలీలతో క్రిక్కిరిసిన ఆటోలు ఇందుకు నిదర్శనాలు. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, వీధి దీపాలు, రేడియం స్టిక్కర్లు, ధాన్యానికి కల్లాలు సమకూర్చకుండా జరిమానాలతోనే వీటిని సరిదిద్దుట సాధ్యం కాదు.

తొలి గంట

ప్రమాదం జరిగిన తరువాత మొదటి గంటను 'గోల్డెన్ అవర్'గా చట్టం నిర్వచించినది. ఈ విషయంలో తెలుగు నేల దేశానికి మార్గదర్శి అయినది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ కేంద్రంగా ఆరంభమైన 108 అంబులెన్సు సేవ అనంతరం అనేక రాష్ట్రాలకు విస్తరించినది.

క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని సాక్ష్యం పేరిట వేధించరాదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబద్ధత కల్పించినది. 2019 సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్ ఈ రక్షణను సుస్థిరం చేసినది. ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల పరిమితితో నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రప్రభుత్వం 2025 మే 5న నోటిఫై చేసినది. సహాయం చేయ సంకల్పించిన బాటసారి పోలీసు స్టేషను భయంతో వెనుదిరుగకుండా ఈ విషయాలు గ్రామగ్రామాన తెలియవలసి ఉన్నది.

లెక్కకు రాని గాయాలు

నివారణకు పునాది సరియైన సమాచారం. హైదరాబాద్‌లో ఇంటింటి సర్వేను, ఆసుపత్రుల సమాచారాన్ని ఆధారం చేసుకొని జరిపిన అధ్యయనం ఒకటి 2008లో ప్రచురితమైనది. మరణానికి దారితీయని గాయాలలో అత్యధికం పోలీసు రికార్డులకు ఎక్కుట లేదని అది తేల్చినది. దేశంలో 2021లో నమోదైన మరణాలు 1,53,972 కాగా, వాస్తవ సంఖ్య 2 లక్షలకు పైగా ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ప్రథమ సమాచార నివేదిక నేరాన్ని నిర్ణయించుటకు ఉద్దేశించినది గాని కారణాలను శోధించుటకు కాదు. ఈ లోటు తీర్చుటకు ఐఐటీ మద్రాసు, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించిన సమీకృత రహదారి ప్రమాద డేటాబేస్ 2021 నుంచి అమలులోకి వచ్చినది. పోలీసు, రవాణా, రహదారులు, వైద్య శాఖలు నాలుగూ వివరాలు నింపినపుడే దాని ప్రయోజనం నెరవేరును.

అధికారులు, పాత్రికేయులు గమనించదగినవి

జిల్లా రహదారి భద్రతా కమిటీ సమావేశాలలో ప్రతి మరణాన్ని హాడన్ పట్టికలోని తొమ్మిది గళ్లకు అన్వయించి చర్చించుట మేలు. మరమ్మతు చేసిన బ్లాక్ స్పాట్ వద్ద కనీసం మూడేళ్ల లెక్కలు సరిపోల్చి ఫలితాన్ని నిర్ధారించవలెను. ఒక చెడు సంవత్సరం తరువాత సంఖ్య దానంతట అదే కొంత తగ్గుట సహజం గనుక ఏడాది తగ్గుదలను విజయంగా భావించరాదు.

'అదుపు తప్పి', 'అతివేగమే కారణం' అన్న మాటలతో వార్త ముగియకుండ, అదే స్థలంలో గతంలో ఎన్ని ప్రమాదాలు జరిగినవి, అక్కడ వేగ పరిమితి ఎంత, దీపాలు వెలుగుచున్నవా, హెల్మెట్ పట్టీ బిగించి ఉన్నదా, బాధితుడు ఎంతసేపటికి ఆసుపత్రి చేరినాడు అన్న వివరాలను పాత్రికేయులు సేకరించినచో ఆ వార్త అధికారులకు కూడ ఆధారపత్రం కాగలదు.

రహదారి మరణాలను, గాయాలను 2030 నాటికి సగానికి తగ్గించవలెనని ఐక్యరాజ్య సమితి 2021–2030 దశాబ్దికి లక్ష్యం నిర్దేశించినది. 2022 లెక్కల ప్రకారం చూచినచో మన దేశంలో ఏటా 84 వేల మంది క్షేమంగా ఇల్లు చేరుదురని దాని అర్థం. ఇందుకు కావలసిన విజ్ఞానం ఇదివరకే చేతికి వచ్చినది. దానిని ప్రతి కూడలి వద్ద, ప్రతి కల్వర్టు వద్ద అమలుపరచుటయే మిగిలి ఉన్నది.