రాజధర్మము – ఉప్పు ఎఱుకల చరిత్ర

దొంగలపాలైన సొమ్మునకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నకు మన ధర్మశాస్త్రములు సూటిగా సమాధానము చెప్పినవి. రాజు ఆ ధనమును వెదకించి సొంతదారున కప్పగింపవలెను. దొరకనిచో తన బొక్కసమునుండి చెల్లింపవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును, యాజ్ఞవల్క్యస్మృతియందును ఈ నియమము కలదు. ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దమున కేతన ఆ ధర్మశాస్త్రమును తెనిగించెను. కన్నడసీమలో పుట్టిన గ్రంథము తెలుగు పద్యమగుట మనవంటి ప్రవాసాంధ్రులకు సంతోషము గొలుపు సంగతి. పల్లెలలో కావలివారికిని ఇట్టి బాధ్యతయే యుండెడిది. మాన్యమును, మేరలను అనుభవించుచు వారు దొంగసొత్తును పట్టి యీయవలెను, లేదా నష్టమును భరింపవలెను.

పన్ను గైకొన్నవాడే రక్షణకు పూచీదారుడని దీని భావము. ఆ పూచీ తలక్రిందులై, ప్రజల పొట్టకొట్టిన ప్రభుత్వమే ఆ ప్రజలను దొంగలని ముద్రవేసిన ఘట్టమొకటి మన చరిత్రలో కలదు. దానిని తెలిసినంతమేరకు పాఠకులకు మనవి చేయుచున్నాము.

ఎఱుకలవారు మన కపరిచితులు కారు. తమిళదేశమున కొఱవలనియు, కన్నడసీమలో కొరమ, కొరచలనియు, మహారాష్ట్రమున కైకాడులనియు పేరుగాంచినవారు వీరికి సజాతీయులని పండితులు చెప్పుదురు. గద్దె చెప్పు ఎఱుకలసానిని మన యక్షగానములందు చూడనివారుండరు. బుట్టలల్లుట, చాపలు నేయుట, పందులు పెంచుట వీరి వృత్తులు. వీరిలో ఉప్పు ఎఱుకలను శాఖవారు ఎద్దులమీదను, గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకు మోసికొనిపోయి, ధాన్యమును మార్చుకొని వచ్చెడివారు. బండ్లబాట లేని పల్లెకు ఉప్పు చేర్చిన పుణ్యము వీరిదే.

ఈ బ్రతుకుదెరువు ఒక్కనాట చెడలేదు. 1805లో చెన్నపురి ప్రభుత్వము ఉప్పును తన గుత్తాధికారము క్రిందికి తెచ్చుకొనెను. 1856లో ఆ రాజధానిలో రైలుమార్గము ఆరంభమాయెను. నానాట ఆ మార్గములు విస్తరించినకొలది, ఉప్పు రైలుపెట్టెలలో పోసాగెను. పెరికె యెద్దుకు పనిలేకపోయెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చివేసిన కఱవులో మనుష్యులతోపాటు పశువులును నశించినవి. 1882 నాటి అటవీ చట్టముతో వెదురునకును, మేతబీళ్లకును కట్టుబాట్లు వచ్చినవి. ఈ విధముగా బేరము పోయినవానికి బుట్టల యల్లికయు కష్టమాయెను. ఆకలిగొన్నవారిలో కొందఱు దొంగతనమునకు దిగియుందురు. దానిని మేము కాదనము. సొమ్ము పోయినవాని దుఃఖమును చిన్నది కాదు.

అయితే ప్రభుత్వము చేసినదేమి? 1871లో ఉత్తరదేశమునకై నేరస్థజాతుల చట్టము పుట్టెను. అందు ఒక్క మంచిమాట యుండెను: ఒక జాతిని నేరస్థజాతిగా ప్రకటింపదలచిన స్థానిక ప్రభుత్వము, ఆ జనులు ఇకమీద ఎట్లు బ్రతుకగలరో గవర్నరు జనరలునకు తెలుపవలెను. అనగా జీవనోపాధికిని నేరమునకును గల సంబంధము ఆ చట్టకర్తలకును తెలియును. తెలిసియు, ఒకసారి ప్రకటన వెలువడినచో దానిని ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదని అదే చట్టమున వ్రాసిరి. 1911 నాటి చట్టముతో ఈ యేర్పాటు చెన్నపురి రాజధానికిని వచ్చెను. పేరు రిజిస్టరున కెక్కెను, వ్రేలిముద్రలు పడెను. నియమితవేళలకు హాజరు చెప్పవలెను. నేరము చేసినవాడు, చేయనివాడు అను భేదము లేదు; పుట్టుకయే సాక్ష్యము.

నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము అట్లు ఏర్పడినదే. 1913–14 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున ఎఱుకలవారికై నెలకొల్పిన ఆ సెటిల్మెంటుకు గవర్నరు కార్యాలోచనసభ సభ్యుడగు సర్ హెరాల్డు స్టూవర్టు పేరు పెట్టిరి. అచట భూమి యిచ్చిరి, బడి పెట్టిరి. ఆ మేలు మఱువరాదు. కాని సేద్యము అందఱికి చాలక, చీరాలలోని పొగాకు కర్మాగారమునకు కూలికి పోవలసివచ్చెను. అనుమతి లేక కదలరాని కూలివాడు కూలి రేటును గూర్చి బేరమాడగలడా? ఆలోచింపుడు.

1936లో నెల్లూరికి వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టమును తీవ్రముగా ఖండించెను. నెల్లూరివారగు వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ జాతులకై జీవితకాలము శ్రమించిరి. 1947లో చెన్నరాష్ట్రమున చట్టము రద్దాయెను. 1949లో అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశమంతట రద్దు చేయవలెనని సూచించెను. 1952 ఆగస్టు 31న అది నెరవేరెను. అయినను, అలవాటుపడిన నేరస్థుల చట్టములను పేరిట అనుమానము మఱొక వాకిట లోపలికి వచ్చెను. జాషువా మహాకవి కుమార్తె హేమలతా లవణంగారు, లవణంగారు 1970వ దశకము నుండి స్టూవర్టుపురములో చేసిన సంస్కరణ కార్యము, దండనము సాధింపలేనిది ఆదరణము సాధింపగలదని చూపెను.

ఇచ్చట మా దోషమొకటి ఒప్పుకొనవలసియున్నది. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి ఒక కార్యాలయమున గుమాస్తాగా కాలము గడపితిమి. ఈ జాతికి చెందిన యువకుడొకడు ఉద్యోగమునకై సత్ప్రవర్తన పత్రము కోరి వచ్చెను. అతనిపై ఏ కేసును లేదు. పై అధికారి కులము పేరు చూచి "మరల విచారింపుడు" అని వ్రాసెను. మేమును ఆ కాగితమును కట్ట అడుగున పెట్టితిమి. పత్రము సిద్ధమగునప్పటికి ఉద్యోగపు గడువు దాటిపోయెను. అతడు మమ్ము ఒక్కమాటయు అనక, కాగితము మడిచి జేబులో పెట్టుకొని వెడలిపోయెను. చట్టము రద్దయి ఎన్నో యేండ్లయినను, ఆనాడు మా బల్లమీద అది బ్రతికియే యున్నది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పునిచ్చుచు, కారాగారముల రిజిస్టర్లలో ఖైదీల కులము వ్రాయు గడిని తొలగింపవలెనని ఆదేశించినది. విముక్తజాతులవారిని ఊరక నిర్బంధింపరాదనియు హెచ్చరించినది. రిజిస్టర్లు వ్రాయుటయే వృత్తిగా బ్రతికిన మాకు ఆ గడి బరువు తెలియును. ప్రభుత్వము నేరమును అణచవలసినదే. కాని పూర్వము రాజు పోయిన సొమ్మునకు పూచీపడినట్లే, నేటి ప్రభుత్వము పోయిన బ్రతుకుదెరువునకును పూచీపడవలెను. మనమును పొరుగూళ్లలో పొట్టపోసికొనుచున్నవారమే. మన యింటికి అద్దెకో, పనికో వచ్చినవాని కులమునుబట్టి అనుమానింపకుండుట మన వంతు. ఇదియే మా మనవి.