బోల్టు కోసం గంటసేపు

1950. జపాన్‌లోని హిరోషిమాలో తోయో కోగ్యో కర్మాగారం. తర్వాత మజ్దాగా పేరు మోసిన సంస్థ ఇదే. పెద్ద ప్రెస్సుల దగ్గర పని పేరుకుపోతోంది. కారణం తేల్చడానికి వచ్చిన ఇంజినీరు షిగియో షింగో 800 టన్నుల ప్రెస్సు దగ్గర నిలబడి గమనిస్తున్నాడు. రేకుకు ఆకారమిచ్చే అచ్చును, అంటే డైని, మారుస్తున్న కార్మికుడు ఉన్నట్టుండి ఎటో పరుగెత్తాడు. బిగించాల్సిన బోల్టుల్లో ఒకటి కనిపించలేదట. అంతా వెతికి, చివరికి పక్క యంత్రం తాలూకు పొడవాటి బోల్టు తెచ్చి, కోసి, దానికి మరలు చెక్కి బిగించాడు. అప్పటికి గంట దాటింది. అంతసేపూ ప్రెస్సు ఖాళీగానే ఉంది.

షింగోకు ఆ గంటలో ఒక సంగతి తెలిసింది. డై మార్పిడిలో యంత్రాన్ని ఆపితే తప్ప కుదరని పనులు కొన్నే. బోల్టులు వెతకడం, పనిముట్లు సర్దడం, డై తెచ్చి పెట్టుకోవడం యంత్రం నడుస్తుండగానే చేసుకోవచ్చు. రెండింటినీ విడదీస్తే చాలు.

రకరకాల వస్తువులు చేసే కర్మాగారానికి ఇది ప్రాణం లాంటి విషయం. ఫోర్డ్ సంస్థ 1908 నుంచి 1927 దాకా ఒకే మోడల్ టీ కారును కోటిన్నర చేసింది. జపాన్‌లో అంత గిరాకీ లేదు. కొన్ని ట్రక్కులు, కొన్ని కార్లు, ప్రతి రకమూ కొద్దికొద్దిగా కావాలి. డై మార్చడానికి గంటలు పడితే ఎవరైనా ఏం చేస్తారు? పండగ పిండివంటల్లా ఒకే రకాన్ని వాయిలు వాయిలుగా దింపేస్తారు. అక్కరలేని భాగాలు గోడౌన్లో మూలుగుతాయి, కావలసినది మాత్రం దొరకదు.

టయోటాలో తాయిచి ఓనో ఇదే చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నాడు. అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి ఆయనను ఆలోచింపజేసింది. కొనేవాళ్లు కావలసింది తీసుకెళ్తారు, ఖాళీ అయినంతే అరలో మళ్లీ నింపుతారు. కర్మాగారంలోనూ ముందు విభాగం తోసినంత తర్వాతి విభాగం పుచ్చుకోవడం మాని, తర్వాతి విభాగమే వచ్చి కావలసినంత తీసుకెళ్లాలన్నాడు. 1953లో ప్రధాన కర్మాగారపు మెషిన్ షాపులో దీన్ని అమలు చేశాడు. దీనికి సాధనం ఒక చిన్న చీటీ, జపనీయుల మాటలో కాన్‌బాన్. ఏ భాగం, ఎన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది దాని మీద ఉంటుంది. భాగాలు వాడకానికి వెళ్లగానే చీటీ వెనక్కి వస్తుంది. చీటీ వస్తేనే తయారీ, లేకపోతే లేదు. సంస్థ అంతటా ఇది పాదుకునేసరికి 1962 వచ్చింది.

అయితే కొద్దికొద్దిగా చేయాలంటే డైలు మాటిమాటికీ మార్చాలి. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకు డై మార్చడానికి నాలుగు గంటలు పడుతోంది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ రెండు గంటల్లో ముగిస్తోందని తెలిసి, షింగో సాయంతో ఆరు నెలల్లో తొంభై నిమిషాలకు దించారు. అంతలోనే యాజమాన్యం మూడు నిమిషాల్లో జరగాలంది. షింగో తన పాత సూత్రాన్నే మరింత గట్టిగా పట్టాడు. యంత్రం ఆపి చేసే పనుల్లో వీలైనన్నిటిని ఆపకముందే జరిగేలా మార్చాడు. మూడు నెలల్లో ఆ లక్ష్యమూ అందింది.

మార్పిడి తేలికైతే పనిని సమంగా పరచవచ్చు. నెలకు ఒక రకం పదివేలు, మిగతా రెండు రకాలు అయిదేసి వేలు కావాలనుకుందాం. పని దినాలు 20. మొదటి పది రోజులూ మొదటి రకమే చేస్తే, రెండో రకం కావలసినవాళ్లు అన్నాళ్లూ ఎదురుచూడాలి. అదే రోజుకు 500, 250, 250 చొప్పున కలిపి నడిపితే అన్ని రకాలూ రోజూ అందుతాయి. భాగాలు చేసే విభాగాలకూ ఒకరోజు ఊపిరాడనంత పని, మరునాడు ఖాళీ అన్న బాధ తప్పుతుంది.

ఓనో 1978లో పుస్తకంగా వెలువరించిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా కర్మాగారాల్లో కనిపిస్తుంది. ప్రణాళిక ఎంత చక్కగా గీసినా, డై దగ్గర నిలబడ్డ మనిషికి కావలసిన బోల్టు చేతికందేలా లేకపోతే అది కాగితం మీదే ఆగిపోతుంది. అందుకే నాకు ఈ కథలో మొదటి ఆవిష్కర్త ఆ పేరు తెలియని కార్మికుడే. ఆయన పరుగు తీసి ఉండకపోతే షింగో ప్రశ్న వేసేవాడే కాదు.