నాందేడ్ బస్తాల్లో మోడీ లిపి

1948 సెప్టెంబరు దాకా నాందేడ్ నిజాం జిల్లా. కచేరీ రాతకోతలు ఉర్దూలో, పాత మరాఠీ కాగితాలు గొలుసుకట్టు మోడీ లిపిలో ఉండేవి. జిల్లా 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది.

ఇప్పటి భూమి కాగితం సాత్‌బారా (7/12) 2018 మే 1 నుంచి డిజిటల్ సంతకంతో వస్తోంది. ఏడో నమూనాలో భూమి హక్కుదారు, పన్నెండో దాంట్లో పంట. దెగ్లూరు, బిలోలి తెలుగు రైతులకూ ఫోన్లోనే దొరుకుతుంది.

పాత దస్త్రాల బస్తాల సంగతి వేరు. 2023లో మరాఠాలు ఓబీసీ కులమైన కుణబీలేనన్న ఆధారాల కోసం విశ్రాంత న్యాయమూర్తి సందీప్ షిండే కమిటీ మరాఠ్వాడా దస్త్రాలన్నీ తిరగేయించింది, హైదరాబాద్‌కూ వచ్చింది. స్కానర్ పేజీని ఫొటో తీస్తుందే గానీ మోడీని చదివిపెట్టదు. అందుకు ఆ లిపి వచ్చినవాళ్లే దిక్కయ్యారు.

2025 సెప్టెంబరు 2న నిజాం కాలపు హైదరాబాద్ గెజిట్ ఆధారంగా మరాఠాలకు కుణబీ ధ్రువపత్రాల కోసం మహారాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.