పూత విచ్చకముందే

జనగామ జిల్లా, లింగాల ఘనపురం మండలం. జనవరి చివరి వారం. ఇంకా ఎండ పొడ రాలేదు. మీరు మామిడితోటలో మొదటి వరుసలో ఉన్నారు. ఓ కొమ్మ పట్టుకుని ఊపండి. సన్నజల్లు పడ్డట్టు ఆకుల మీద టపటపమని చప్పుడు. బూడిదరంగు పురుగులు గుంపులుగా ఎగిరి మీ మెడకు, చెంపలకు కొట్టుకుంటున్నాయి. గోధుమగింజ కన్నా చిన్నవి. తల వెడల్పు, తోక సన్నం. తేనెమంచు పురుగు.

అరచెయ్యి చూసుకోండి, జిగురు. పూగుత్తుల రసం పీల్చి పురుగు ఆకుల మీద చల్లిన తీపి అది. నాలుగు రోజులు పోతే దాని మీద మసి పడుతుంది. పూత మాడి రాలుతుంది. పిందె నిలవదు.

మీ కాళ్ల దగ్గర దుకాణం నుంచి తెచ్చిన మందు సీసా ఉంది. పక్కనే బకెట్‌లో, రాత్రి నానబెట్టిన వేప పలుకుల పొడి. ఏది ఎత్తుతారు?

ఆగండి, చెట్లు చూడండి. ఈ వరుసలో మొగ్గలింకా విచ్చలేదు. అవతలి వరుసలో పూత విరగబూసింది. ఎండ తగలగానే దాని మీద ఈగలు, తేనెటీగలు ముసిరాయి. మామిడికి పుప్పొడి మోసేది ముఖ్యంగా ఈ ఈగలే. సీసాలోని మందుకు పురుగేదో, ఈగేదో తెలియదు.

పక్క తోటలో పంపు మోటారు మోగింది. కుర్రాడు మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు, అంతే. చేతులకు ఏమీ లేవు. గన్ను పైకెత్తాడు. తెల్లటి తుంపర చెట్టు కన్నా పైకి లేచింది. గాలి మళ్లింది. ఇటే వస్తోంది. ఘాటు వాసన. కళ్లు మండుతున్నాయి. "తమ్మీ, ఆపు!" వాడికి వినపడదు. పరుగెత్తండి. గాలికి అడ్డంగా. నోరు మూయండి. బోరు దగ్గరికి. చొక్కా విప్పండి. సబ్బు. నీళ్లు. ఇంకా నీళ్లు.

ఊపిరి కుదుటపడే లోపు కుర్రాడే వచ్చాడు, తల తిరుగుతోందంటూ. వాడి బట్టలూ విప్పించి, కడిగి, బండి ఎక్కించి దవాఖానకు పంపారు. వాడు కొట్టిన మందు సీసా కూడా చేతికిచ్చారు. ఒంట్లోకి పోయింది ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడు త్వరగా మొదలుపెడతాడు.

గట్టు మీద ఇదంతా చూస్తున్న పెద్దాయన దగ్గరికొచ్చాడు. "బిడ్డా, పూత ఇచ్చుకున్న చెట్లను ముట్టకు. ఇచ్చుకోనియాటికి కొట్టు. మానుకు సుత కొట్టు, పురుగు బెరడు సందుల్ల దాక్కుంటది."

ఆయనది ఇదే మండలంలోని ఏనెబావి. 1990లలో ఎర్ర గొంగళిపురుగు చేలు మేసేస్తుంటే ఆ ఊరివాళ్లు తొలి వానల తర్వాత రాత్రిళ్లు మంటలు వేసి, రెక్కల పురుగులు గుడ్లు పెట్టకముందే రప్పించి కాల్చారు. క్రాప్స్ సంస్థ, తర్వాత హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి. 2006లో ఊరు ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించింది. అక్కడి పంటలు వేరు, మీ మామిడి వేరు. సూత్రం మాత్రం ఒకటే: పురుగు కన్నా ముందు రావాలి.

సాయంత్రం దాకా ఆగండి. ఎండకు వేప సారం చెడుతుంది. 5 కిలోల పలుకుల పొడి, రాత్రంతా 10 లీటర్ల నీళ్లలో నానింది. గుడ్డలో వేసి పిండండి. చేదు గొంతు దాకా తగులుతుంది. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, 100 లీటర్లయ్యేలా నీళ్లు పోయండి. ఇప్పుడు కొట్టండి. పురుగు వెంటనే కింద పడదు, కంగారుపడకండి. వేప దాని ఆకలి చంపుతుంది, పిల్ల పురుగును ఎదగనివ్వదు.

ఏప్రిల్. ఇప్పుడు మహబూబాబాద్ వైపు తోటలో ఉన్నారు. కింద రాలిన కాయ చేతిలోకి తీసుకోండి. పైకి బాగానే ఉంది, ఒక్క చిన్న గాటు. కోయండి. తెల్లటి పురుగు ముడుచుకుని ఎగిరి మీ మణికట్టు మీద పడింది. పండుఈగ పిల్ల. 2014లో ఐరోపా సమాఖ్య మన మామిడిని కొన్ని నెలల పాటు ఆపేసింది దీని వల్లే.

ఆ కాయను పెంటకుప్పలో వేయబోతున్నారా? వద్దు. పురుగు మట్టిలోకి దిగి ఈగై లేస్తుంది. రాలినవన్నీ ఏరి లోతుగా పాతిపెట్టండి. కొమ్మకు వేలాడే ఎరబుట్ట మూత తీయండి, అడుగున చచ్చిన ఈగలు. అన్నీ మగవే. లోపలి చెక్కముక్కకు పట్టించిన మిథైల్ యూజినాల్ మగవాటినే లాగుతుంది. జతకట్టేసిన ఆడ ఈగ బయటే తిరుగుతోంది. అందుకే బుట్టలు కాయ ముదరకముందే కట్టాలి. కాయ కోడిగుడ్డంత కాగానే కాగితం సంచి తొడిగితే ఆడ ఈగకు చోటే దొరకదు.

భూపాలపల్లి అడవి అంచున ఇంకో చెట్టు. ఎక్కుతుంటే మోచేతి మీద మంట. ఎర్రచీమలు! ఆకులు కుట్టి గూడు కట్టాయి. కొడవలి ఎత్తారు. కొట్టేస్తారా? కింది కొమ్మ చూడండి, గొంగళిపురుగును పది చీమలు ఈడ్చుకుపోతున్నాయి. క్రీ.శ. 304 నాటి చైనా గ్రంథం ఇలాంటి గూళ్లను సంచుల్లో పెట్టి నారింజ తోటల కోసం బజారులో అమ్మేవారని చెబుతోంది. అయితే ఇవి తీపి కోసం పిండినల్లిని కాపాడతాయి కూడా. పిండినల్లి లేని చెట్టు మీద గూడు ఉంచండి. ఉన్నచోట తీసేయండి.

జూన్. తొలకరి పడింది. వేపచెట్టు కింద పసుపుపచ్చటి పళ్లు రాలి ఉన్నాయి. వచ్చే జనవరికి కావలసిన కషాయం ఇదే. వానకు బూజు పడితే గింజ పనికిరాదు. గంప తెచ్చుకోండి. ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టండి. ఈ వారమే.